పిండే చెయ్యి

ముందే చెప్పేస్తాను, నాకు కోపం ఎక్కువ. బడిలో నా ఈల వినపడగానే ఆడపిల్లలు బిలబిలమంటూ వచ్చి వరసగా నిలబడతారంటే అది నా మీద గౌరవం కాదు, భయం. అందుకని పంతొమ్మిది వందల అరవై నాలుగో సంవత్సరంలో ఆ ఏడు వారాలు నేనెంత ఉడికిపోయానో చెబితే, ఈవిడ కొంచెం కలిపి చెబుతోందని మీకనిపించవచ్చు. కలపడం లేదు. కొంత తగ్గించే చెబుతున్నాను.

నా పేరు ఎలిజబెత్. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. నరసరావుపేటలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుని. మా సొంతూరు ముప్పాళ్ళ. అమ్మానాన్నలు నా చిన్నప్పుడే పోతే మా మేనత్త పున్నమ్మ నన్ను పెంచి చదివించింది. నాకు ఉద్యోగం రాగానే తన రెండు గేదెల్నీ తోలుకుని నాతోపాటు పేటకి వచ్చేసింది. అత్తకి మనుషుల మీద కంటే గేదెల మీద నమ్మకం ఎక్కువ. నా పేరు పూర్తిగా పలకడం తనకి చేతకాదు, ఎలిసమ్మా అంటుంది.

చైనా యుద్ధమప్పుడు ఊళ్ళో పెద్దలు రైఫిల్ క్లబ్బు పెట్టారు. ఆపదొస్తే ఆడవాళ్ళు కూడా తుపాకి పట్టాలని ఉపన్యాసాలిచ్చి, ఇరవై మంది ఆడవాళ్ళ పేర్లు రాసుకున్నారు. ఒకరికి చప్పుడు పడలేదు, ఒకరి అత్తగారు ఒప్పుకోలేదు, ఒకరు నెల తప్పారు. ఏడాది తిరిగేసరికి నేనొక్కదాన్నే మిగిలాను. రైఫిలుతో మగవాళ్ళందరికంటే నాకే ఎక్కువ మార్కులు వస్తుంటే, మాకు నేర్పే అబ్దుల్ రహీమ్ గారు ఒకరోజు పెట్టెలోంచి పిస్తోలు తీసి నా చేతిలో పెట్టారు. ఆయన మిలిటరీలో హవల్దారుగా చేసి రిటైరైన మనిషి. ఊరంతా ఆయన్ని హవల్దారు గారనే పిలిచేది.

అది గురిపందేల కోసం చేసిన పిస్తోలు. సన్న తూటాలు, కొయ్య పిడి. క్లబ్బు మొత్తానికి అదొక్కటే. దాన్ని పట్టుకున్న మొదటిరోజే నాకు తెలిసిపోయింది, నా చేతికి ఇంతగా సరిపోయిన వస్తువు ఇంతవరకూ లేదని. బడిలో ఈల, ఇంట్లో చెంబు, ఇవి ఎవరి చేతిలోనైనా ఒకటే. ఇది మాత్రం నాది అనిపించింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నాకు ఆ పిస్తోలు కావాలి. దసరా బట్టలకి పిల్లలు ఏడ్చినంతగా కావాలి.

అది కావాలంటే ఒకటే దారి. డిసెంబరు మొదటి శనివారం క్లబ్బులో పోటీ. అందులో గెలిచినవాళ్ళని హైదరాబాదులో రాష్ట్ర పోటీలకి పంపిస్తారు. పిస్తోలుకి ఒక్కరే. క్లబ్బు సెక్రటరీ వెంకట్రామయ్య గారు పొలాలున్న ఆసామి, మర్యాదస్తుడే, కానీ ఆయన బావమరిది నాగేశ్వరరావు మాచవరం నుంచి మోటారు సైకిలు మీద వచ్చి అదే పిస్తోలు కాలుస్తాడు. సెక్రటరీ గారు అందరి ముందూ తేల్చేశారు.

"చూడమ్మా టీచరమ్మా, ఎవరికెక్కువొస్తే వాళ్ళే పోయేది. ఆ తర్వాత పిస్తోలు గూడా వాళ్ళదే అనుకోండి. ఉన్నది ఒకటాయె, ఇద్దరి మధ్యన నలగ్గొట్టడమెందుకు? మిగతావాళ్ళకి రైఫిళ్ళుండనే ఉండాయిగా."

మిగతావాళ్ళు అన్నప్పుడు ఆయన నావైపే చూశారు. నా ఒళ్ళు మండిపోయింది. అప్పటికింకా ఏడు వారాలుంది కదా, చూద్దాం అనుకున్నాను.

చూస్తే ఏముంది? తూటా ఒక్కటీ చెప్పిన చోటికి వెళ్ళదు. ఊరి బయట వాడకం మానేసిన రాళ్ళ క్వారీలో మా సాధన. పాతిక గజాల దూరంలో ఇసుక బస్తాలు పేర్చి, వాటి ముందు వలయాలు గీసిన అట్ట నిలబెట్టేవాళ్ళం. నేను నడిమధ్య నల్లచుక్కకి గురిపెడతాను. చెయ్యి వణకదు. ఊపిరి బిగబడతాను. ఢామ్మంటుంది. అట్ట దగ్గరికి నడిచి వెళ్ళి చూస్తే తూటా కింద, ఎడమ పక్కన ఉంటుంది. గడియారంలో ఏడు అంకె ఉండే చోట. మళ్ళీ కాలిస్తే మళ్ళీ అక్కడే. నాకూ ఆ ఏడు అంకెకీ ఏదో పాత పగ ఉన్నట్టుంది.

పిస్తోలులోనే లోపముందన్నాను. హవల్దారు గారు నా చేతిలోంచి తీసుకుని మూడుసార్లు కాల్చారు. మూడూ నల్లచుక్కలో పడ్డాయి. పిస్తోలు నాకు తిరిగిచ్చి మీసం దువ్వుకున్నారు. ఆ మీసం పీకేద్దామన్నంత కోపం వచ్చింది.

"మీరు ట్రిగ్గరు లాగుతన్నారు టీచరమ్మా," అన్నారు. "లాగితే పిస్తోలు పక్కకి పోద్ది. లాగగూడదు. పిండాల."

ఆయనకి మిలిటరీలో నేర్పిన దొర 'స్క్వీజ్' అనేవాడట. దానికి ఎంతో ఆలోచించి తెలుగులో ఈ మాట తానే పట్టుకున్నానని ఆయనకి గర్వం. ట్రిగ్గరు కొంత దూరం తేలిగ్గా వస్తుంది, ఆ తర్వాత గోడ తగిలినట్టు ఆగుతుంది. అక్కడి నుంచి మెల్లిగా, కుదుపు లేకుండా పిండాలి. "పిండాల, పిండాల, పిండాల," అని నా చెవి దగ్గర జపం చేసేవారు.

పిండడం నాకొకరు నేర్పాలా? ఆరేళ్ళప్పటి నుంచి గేదె పొదుగు కింద కూర్చున్నదాన్ని. ఆయన చెప్పింది చెప్పినట్టే చేశాను. తూటాలు ఏడు అంకె దాటి ఇంకా కిందికి దిగాయి.

రెండో వారంలో హవల్దారు గారు నా మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. వైద్యుడిలాగా తలాడించి, "చేతికి తాకత్తు చాల్లా," అన్నారు. "పిడి మీద పట్టు గట్టిగా లేదు. ఇంట్లో రోజూ ఏదైనా పిండే పని పెట్టుకోండి. బట్టలు పిండండి, ఏదన్నా సరే."

"మాకు రెండు గేదెలున్నాయండీ."

"బిల్కుల్! అంతకంటే ఏం కావాల? రెండు పూటలా మీరే పిండండి."

ఈ సంగతి చెప్పగానే మా అత్త మొహం వెలిగిపోయింది. ఆ వానాకాలం నుంచి తన వేళ్ళ కణుపులు వాచి, పొద్దున్నే పిడికిలి ముడవడానికి రావడం లేదు. పాలు తీసేటప్పుడు పళ్ళ బిగువున ఓర్చుకునేది. "ఆ తురకాయన చానా మంచోడే," అంటూ చెంబు నా చేతిలో పెట్టి, ఆముదం రాసుకుంటూ అరుగు మీద కూర్చుంది. నాకూ సంతోషం వేసింది. ఒక్క పనితో అత్తకి సుఖం, నాకు పట్టు.

రెండు పూటలా రెండు గేదెలు. ముంజేతి నరాలు తాళ్ళలాగా తేలాయి. మా స్టాఫు రూములో ఊడిరాని సీసా మూతలన్నీ నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. పిస్తోలు పిడి నా పట్టుకి కిర్రుమనేది. ఆ బలమంతా పెట్టి కాలిస్తే, మూడో వారం చివరికి తూటా అట్టకే తగలడం మానేసింది. కింద ఇసుక బస్తాలో దిగబడేది. నాలుగు బస్తాలకి చిల్లులు పడి ఇసుక కారిపోయింది.

ఇక సలహాలు మొదలయ్యాయి. ఆడవాళ్ళ మణికట్టు ఇంతేనన్నారు సెక్రటరీ గారు, ఎంతో జాలిగా. నాగేశ్వరరావు పచ్చి గుడ్లు తాగమన్నాడు. మా హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్ళు చూపించుకోమన్నారు. తోటి టీచరు ప్రేమమ్మ గుళ్ళో నా కోసం ప్రార్థన పెట్టించింది. పాస్టరు గారు అందరి ముందూ "మన సహోదరి చేతిని బలపరచుము ప్రభువా" అన్నారు. ప్రభువు ఆలకించాడు కాబోలు, మరుసటిరోజు తూటా మరో జానెడు కిందికి దిగింది.

ఒకరోజు విసుగెత్తి, కింద ఎడమకి పోతోంది కదా అని పైన కుడివైపుకి గురిపెట్టి కాల్చాను. నల్లచుక్కలో పడింది! రెండు రోజులు అట్లాగే కాల్చి సంబరపడ్డాను. హవల్దారు గారు నా వెనక నిలబడి కనిపెట్టేశారు. "ఇది మోసం టీచరమ్మా. పోటీరోజు చెయ్యి ఇంకొంచెం బిగుసుకుంటే అప్పుడెక్కడ పెడతారు గురి? ఆకాశంలోనా?" అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కి ఇసుక బస్తాని కాలితో ఒక్క తన్ను తన్నాను. అది బస్తా కాదు, బస్తా కప్పిన బండ. బొటనవేలి గోరు ఊడింది. మూడు రోజులు కుంటుకుంటూ డ్రిల్లు చేయించాను. పిల్లలు నవ్వలేదు, పాపం, నవ్వు ఆపుకోవడానికి వాళ్ళు పడ్డ పాట్లు చూశాను.

ఇంటికొచ్చి అత్తతో చెప్పేశాను, ఇక నావల్ల కాదు, రేపు వెళ్ళి పిస్తోలు వదులుకుని వస్తానని. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ ఆ సాయంత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అత్త గేదెలకి ఎండుగడ్డి వేసి వచ్చి, "అన్నం తిను," అంది. తినలేదు. మర్నాడు పొద్దున గేదెల దగ్గర పని ముగించి, కాఫీ కూడా తాగకుండా క్వారీకి వెళ్ళిపోయాను.

పిస్తోలు వదులుకునే ముందు ఆఖరిసారిగా పది తూటాలు కాల్చుకోమన్నారు హవల్దారు గారు. మూడు కాల్చేసరికి అత్త వచ్చింది. చేతిలో క్యారేజీ. ఖాళీ కడుపుతో వెళ్ళానని రెండు మైళ్ళు నడిచి వచ్చింది. ఎన్నడూ ఆ చుట్టుపక్కలకి రాని మనిషి, చెవుల్లో కొంగు దోపుకుని నా పక్కగా ఒక రాయి మీద కూర్చుంది.

నేను కాల్చినప్పుడల్లా హవల్దారు గారు అట్టవైపు చూస్తారు. నేనూ అట్టవైపే చూస్తాను. ఇన్ని వారాలూ క్లబ్బులో ప్రతివాడూ తూటా ఎక్కడ పడిందనే చూశాడు. అత్తకి ఆ అట్ట ఏమిటో, అందులో వలయాలేమిటో తెలియదు. తను నా చేతినే చూస్తూ కూర్చుంది. ఐదో తూటా పేలగానే ఫక్కున నవ్వింది.

"ఏమే ఎలిసమ్మా, దాన్ని గూడా పిండుతన్నావేందే? అదేమన్నా పాలిస్తదా?"

అసలే మంటలో ఉన్నాను. "పిండమనే కదా చెప్పారు! పిండకపోతే ఏం చెయ్యమంటావు?" అని అరిచాను.

"అరవబాకే. నీ ఏళ్ళు చూసుకో. బర్రె చన్ను పట్టినట్టే పైనుంచి కిందకి ఒకదాని ఎనక ఒకటి మూస్తన్నావు. చిటికెనేలు దాకా వచ్చినాక అది పేలతంది."

హవల్దారు గారు ఒక్క అడుగు వెనక్కి వేశారు. నా చేతినీ, అత్తనీ మార్చి మార్చి చూశారు. తర్వాత తూటాలు తీసేసిన పిస్తోలు నాకిచ్చి, అత్త దగ్గర వక్క ముక్క ఒకటి అడిగి తీసుకుని గొట్టం మీద నిలబెట్టారు. "ఇప్పుడు పిండండి," అన్నారు. ట్రిగ్గరు టిక్కుమనకముందే వక్క కింద పడింది. గొట్టం ముక్కు కిందికి, ఎడమకి వంగింది. ఈసారి నా కళ్ళతో నేనే చూశాను. చూపుడువేలు కదలగానే మిగతా మూడు వేళ్ళూ పిలవని పేరంటానికి వచ్చినట్టు దాని వెంట బయల్దేరాయి.

ఊళ్ళో కొందరు పాలు పితుకుతామంటారు. మా ఇంట్లో పాలు పిండుతామంటాం. హవల్దారు గారు పితకమని ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని. పిండమన్నారు, పిండాను. ఆ పైన చేతికి బలం కోసమని రెండు పూటలా రెండు గేదెల దగ్గర కూర్చుని, ఏ తప్పు వల్ల చెడిపోతున్నానో ఆ తప్పునే నెలరోజులు ఒళ్ళొంచి సాధన చేశాను. ఇంత కష్టపడి చెడిపోయినవాళ్ళు జిల్లాలో ఇంకొకరుండరు.

హవల్దారు గారు రాయి మీద చతికిలబడ్డారు. "ఎంతమందికి చెప్పానో ఈ మాట," అన్నారు. మీసం దువ్వుకోలేదు.

"ఇంక రేపట్నించీ నువ్వు బర్రెల జోలికి రామాక," అంది అత్త, క్యారేజీ మూత తీస్తూ.

"నీ వేళ్ళతో నువ్వెట్లా..."

"నా ఏళ్ళ సంగతి నాకు తెలుసు. తిను."

మనిషిని పెట్టడానికి కూడా లేదు. మా గేదెలు రెండూ మా ఇద్దరి చెయ్యి తప్ప ఇంకెవరిదీ సహించవు. పక్కింటి పుల్లమ్మక్క ఒకసారి సాయం వచ్చి చెంబుతో సహా పేడలో పడింది. మర్నాడు తెల్లవారుతుండగా కొట్టంలోంచి అత్త గొంతు వినపడింది. ఒక్కొక్క ధార పడినప్పుడల్లా "యేసయ్యా" అంటోంది. నేను గదిలో గుప్పిళ్ళు బిగించుకుని కూర్చున్నాను. ఇంకెప్పుడైనా అయితే లేచి వెళ్ళి చెంబు లాక్కునేదాన్ని. లేవలేదు. నాకు పిస్తోలు కావాలి కదా.

తప్పు తెలిసింది కాబట్టి ఇక బాగుపడిపోయానని మీరనుకుంటే పొరపాటు. మాట పోయింది కానీ చెయ్యి పోదు కదా. 'పిండాల' బదులు హవల్దారు గారు 'నొక్కాల' అన్నారు. నొక్కితే టేబులు మీద గంట కొట్టినట్టు కొట్టాను. వక్క ఎగిరి ఆయన బూటు మీద పడింది. పట్టు వదులు చెయ్యమన్నారు, పిస్తోలు చేతిలో జారింది. గట్టిగా పట్టమన్నారు, మూడు వేళ్ళూ పాలకి బయల్దేరాయి. కాల్చబోయే ముందే ఎంత బిగించాలో అంత బిగించేసి, ఆ తర్వాత మూడు వేళ్ళూ చచ్చిపోయినట్టు ఉండాలి, కదిలేది చూపుడువేలొక్కటే. చెప్పడానికెంత సుళువు! నావి ఇరవై రెండేళ్ళుగా కలిసి నడిచిన వేళ్ళు. పైగా కోపం వచ్చిందంటే ముందుగా మూసుకునేది చిటికెన వేలే. నాకేమో కోపం రాని గంట లేదు.

పోటీ ఇంక పది రోజులుందనగా ఒక తెల్లవారుజామున ఉండబట్టలేక కొట్టంలోకి వెళ్ళాను, కనీసం దూడనైనా పట్టుకుందామని. అత్త గేదె కింద కూర్చుని ఉంది. చెయ్యి చన్ను మీద ఉంది. కదలడం లేదు. వేళ్ళు పూర్తిగా పట్టేశాయేమోనని ఒక్క అంగలో దగ్గరికి వెళ్ళాను.

"ఏమైంది అత్తా?"

"ఏం గాలా. ఇంకా చేపలా ఇది. చేపకుండా పిండితే తంతది గదా."

గేదె చేపడమంటే తెలుసు కదా, పాలు తనంతట తాను పొదుగులోకి వదలడం. దూడ కుడిచాక కూడా దానికి బుద్ధి పుడితేనే వదులుతుంది. నేను ఇన్నేళ్ళూ గమనించనిదల్లా ఒక్కటి, అది వదిలేదాకా అత్త చెయ్యి కదలదు. నేనైతే ఆ వ్యవధిలో కూడా ఊరుకోకుండా లాగుతూనే ఉంటాను. అందుకే నన్ను నెలకొకసారైనా తంతుంది.

"ఎప్పుడు చేపుద్దో నీకెట్లా తెలుసు?"

"నాకేం తెలుసు? చెయ్యి పెట్టి ఉంచుతా. మెత్తగా ఆనిస్తా, అంతే. ఇచ్చేది అదిగానీ నేనా?" అంది అత్త. అంటుండగానే గేదె ఒక నిట్టూర్పు విడిచింది. మొదటి ధార చెంబు అడుగున ఖంగుమంది. అత్త "యేసయ్యా" అంది.

ఆ రోజు క్వారీలో వక్క పెట్టుకుని నిలబడ్డాను. పేల్చాలని పేల్చలేదు. మూడు వేళ్ళు పిడికి ఆనించి వదిలేసి, చూపుడువేలు గోడ దాకా తెచ్చి, ఆనించి ఉంచాను. మెత్తగా, ఇంకొంచెం, ఇంకొంచెం. ఇచ్చేది అది గానీ నేను కాదు అనుకుంటూ. టిక్కుమంది. ఎప్పుడు అందో నాకు తెలియలేదు, ఉలిక్కిపడ్డాను. వక్క గొట్టం మీదే ఉంది.

"యా అల్లా," అన్నారు హవల్దారు గారు. "ఏం చేశారు?"

"చేపిందాకా ఆగానండీ."

ఆయనకి అర్థం కాలేదు. చెప్పే ఓపిక నాకూ లేదు. ఆ పది రోజుల్లో సగం తూటాలు చేపాయి. మిగిలిన సగం నేను పిండుకున్నాను. ఏ పూట ఏది జరుగుతుందో తెలియకపోవడం కంటే అన్నీ ఏడు అంకెలో పడ్డ రోజులే నయమనిపించింది.

శనివారం క్వారీకి ఊరంతా వచ్చినట్టుంది. ఒక్కొక్కరికి పది తూటాలు, పది నిమిషాలు. ప్రతి తూటాకీ హవల్దారు గారు దుర్భిణిలో చూసి మార్కు చెబుతారు. నాగేశ్వరరావు ముందు కాల్చాడు. నూటికి డెబ్భై నాలుగు. వాళ్ళ వాళ్ళు చప్పట్లు కొట్టారు. సెక్రటరీ గారు నాకు పిస్తోలు అందిస్తూ, "కంగారు పడబాకమ్మా, గెలిచినా ఓడినా మనకి గౌరవమే," అన్నారు. నా చిటికెన వేలు అప్పుడే బిగుసుకుంది.

మొదటి ఐదు చక్కగా చేపాయి. నలభై ఒకటి. వెనక ఎవరో, "పర్లేదే పంతులమ్మ," అన్నారు. పర్లేదే! ఆ ఒక్కమాటకి కోపం వచ్చి ఆరోది పిండాను. ఆరు. నా మీద నాకు కోపం వచ్చి ఏడోదీ పిండాను. ఐదు. తమాయించుకుని ఎనిమిదోది ఏడు, తొమ్మిదోది ఎనిమిది. మొత్తం అరవై ఏడు. ఆఖరి దానికి ఎనిమిది వస్తేనే గెలుపు.

పిస్తోలు ఎత్తాను. మూడు వేళ్ళూ మూసుకోవడం మొదలుపెట్టాయి. దించేశాను. మళ్ళీ ఎత్తాను. మళ్ళీ అదే. మళ్ళీ దించాను. వెనక గుసగుసలు. "టైము నిమిషమే ఉందమ్మా," అన్నారు సెక్రటరీ గారు. నాగేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. పిస్తోలుతో సహా అందర్నీ క్వారీ గుంటలోకి తోసేద్దామనిపించింది.

అప్పుడు అత్త గుర్తొచ్చింది. అత్త మాట కాదు, అత్త చెయ్యి. ఉబ్బిన కణుపులతో చన్ను మీద ఊరికే ఆనించి ఉంచిన చెయ్యి. ఒక్కొక్క ధారకీ ప్రాణం పోతున్నా, తొందరగా వదిలించుకుందామని ఒక్క క్షణం ముందు పిండని చెయ్యి. అంత నొప్పిలో తను ఆగగలిగితే, కోపంలో నేను ఆగలేనా?

ఎత్తాను. వేళ్ళు బిగించాను, వదిలేశాను. గోడ దాకా తెచ్చి ఆనించాను. ఎవరో "అయిపోతంది, అయిపోతంది" అంటున్నారు. అనుకోనీ. ఇంకొంచెం. ఇస్తే ఇస్తుంది, లేకపోతే లేదు. ఇంకొంచెం.

ఢామ్మంది. నేను అదిరిపడ్డాను.

అట్ట దగ్గరికి అందరూ పరుగెత్తారు. నేను కదల్లేదు. హవల్దారు గారు అక్కడి నుంచే రెండు చేతులూ ఎత్తి తొమ్మిది వేళ్ళు చూపించారు. సెక్రటరీ గారు మొత్తం మూడుసార్లు కూడారు. మూడుసార్లూ డెబ్భై ఆరే వచ్చింది.

సంక్రాంతి దాటాక హైదరాబాదు. ఈలోగా రోజూ సాధన. హవల్దారు గారు, తోడుగా ఆయన భార్య గుల్షన్ గారు వస్తామన్నారు. పిస్తోలు పెట్టె తాళంచెవి సెక్రటరీ గారు నా చేతికే ఇచ్చారు. అది గుప్పిట్లో పెట్టుకుని ఇంటికి ఎట్లా వచ్చానో నాకు తెలియదు.

పొద్దు వాలుతోంది. అత్త కొట్టంలో ఉంది, అప్పుడే దూడని విప్పింది. చెప్పాను. "మంచిదే," అంది. మొహంలో నవ్వు ఉంది కానీ, "ఎన్నాళ్ళు?" అని అడిగింది. ఇంకో నెలన్నర అన్నాను. అత్త తన చేతులవైపు ఒకసారి చూసుకుంది. కుడిచేతి కణుపులు గచ్చకాయల్లా ఉన్నాయి. చూపుడువేలు వంకర తిరిగింది. ఇన్ని రోజులూ నేను దానివైపు చూడకుండా తప్పించుకున్నానని అప్పుడు తెలిసింది. గెలిచిన సంతోషమంతా చేదెక్కిపోయింది.

"లెయ్ అత్తా, ఈ పూట నేను పిండుతా. ఒక్క పూటకి ఏం కాదు," అని చెంబు అందుకోబోయాను.

అత్త ఆ వంకరవేళ్ళ చేత్తోనే నా కుడిచేతి మీద ఫెళ్ళున కొట్టింది. నన్ను పెంచిన ఇన్నేళ్ళలో తను నన్ను కొట్టడం అదే మొదటిసారి.

"ఆ చెయ్యి నీదనుకుంటన్నావా?" అంది. "నా ఏళ్ళు అరగదీసి కొనుక్కున్నా దాన్ని. ముట్టుకున్నావంటే ఊరుకోను. పో, దూడని పట్టుకో."

నేను ఎడమచేత్తో దూడని పట్టుకుని నిలబడ్డాను.